పాతబడిన వ్యవసాయ యంత్రానికి బీమా: కృష్ణా మెట్ట ప్రాంతంలో నష్టభారం చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ట్రాక్టరు రాకముందు గ్రామంలో పనిముట్ల మరమ్మతు భారాన్ని ఎవరు, ఎలా మోసేవారో వివరించగలుగుతారు.
• వ్యవసాయ యంత్రాల బీమా మన గ్రామాలకు ఏయే దారుల్లో వచ్చిందో గుర్తించగలుగుతారు.
• యంత్రం పాతబడే కొద్దీ బీమాలో ఏ భాగం విలువ తగ్గుతుందో, ఏ భాగం విలువ తగ్గదో లెక్కగట్టి చెప్పగలుగుతారు.
• పాత ట్రాక్టరుకు, మోటారుకు బీమా కొనసాగించాలా, మానాలా అన్న ప్రశ్నకు కారణాలతో సమాధానం రాయగలుగుతారు.

7.1 విషయ పరిచయం

రెడ్డిగూడెం, మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలను మన జిల్లాలో మెట్ట అంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నా, వీటి ఆర్థిక చరిత్ర పాత కృష్ణా జిల్లా చరిత్రలో భాగమే. మామిడి తోటలు, పత్తి, మిర్చి, మొక్కజొన్న ఉన్న ఈ ఊళ్ళలో పదేళ్ళు, పదిహేనేళ్ళు దాటిన ట్రాక్టర్లు ఇంకా దుక్కి దున్నుతూ, మందు కొడుతూ, కాయ తోలుతూ కనిపిస్తాయి. అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. బీమా కాగితం గడువు కూడా దానితోపాటే దాటిపోయి ఉంటుంది.

"పాత బండికి ఇంకా ఇన్సూరెన్సు ఎందుకు?" అన్న ప్రశ్న ప్రతి రైతు ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. పైకి ఇది ఇంటి ఖర్చుల ప్రశ్నలా కనిపిస్తుంది. దీని వెనుక నూరేళ్ళ చరిత్ర ఉంది. మనం ఒకే పేరుతో పిలిచే బీమాలో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల ప్రయోజనం కోసం పుట్టిన పొరలు ఉన్నాయి. కొన్ని పొరలు యంత్రంతోపాటు ముసలివవుతాయి. కొన్ని కావు. అన్నిటినీ ఒకే కాగితంగా చూసి ఒకేసారి వదిలేయడం వల్లనే కుటుంబాలు దెబ్బతింటాయి. ఈ పాఠం ఆ పొరలను ఒక్కొక్కటిగా విడదీసి చూపుతుంది.

7.2 కళ్ళంలో మేర: బీమా పేరు లేని బీమా

యంత్రాలు రాకముందు మెట్ట రైతు పెట్టుబడి ఏమిటో ముందు చూడండి. నాగలి, కాడి, గొర్రు, గుంటక, రెండెడ్ల బండి, మోట బావి ఉంటే తోలు మోట, అన్నిటికీ మించి ఒక జత ఎడ్లు. వీటిలో చెక్క పని వడ్రంగిది, ఇనుప పని కమ్మరిది, తోలు పని మాదిగ కులస్థులది. వీరు ఆయగాళ్ళ వ్యవస్థలో భాగం. పనికి పని లెక్కన డబ్బు తీసుకోరు. పంట నూర్చినప్పుడు కళ్ళం దగ్గర ప్రతి రైతు తన వాటాగా కొంత ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. దానినే మేర అన్నారు.

ఈ ఏర్పాటును బీమా దృష్టితో చూడండి. ఏడాదిలో ఒక రైతు కర్రు ఒకసారి అరిగితే, మరొకరి కర్రు నాలుగుసార్లు అరగవచ్చు. ఒకరి బండి ఇరుసు విరగవచ్చు, మరొకరిది విరగకపోవచ్చు. ఎన్నిసార్లు మరమ్మతు చేయించినా మేర మాత్రం ఏడాదికి ఒక్కసారే. పని తక్కువ పడిన రైతు ఇచ్చిన ధాన్యం, పని ఎక్కువ పడిన రైతు మరమ్మతుకు ఆసరా అయ్యేది. నష్టాన్ని నలుగురి మీద పంచడమే బీమా సూత్రం. ఆ సూత్రం ఇక్కడ ఉంది, పేరు మాత్రం లేదు.

ఇంకో విషయం గమనించండి. నాగలికి ముసలితనం లేదు. కర్రు మారుతుంది, మేడి మారుతుంది, నాగలి మిగులుతుంది. అందుకే "పాత పనిముట్టుకు రక్షణ దండగా?" అన్న ప్రశ్న ఆనాడు పుట్టనే లేదు. అయితే ఈ వ్యవస్థను ఆదర్శంగా చూడకూడదు. మేర ఎంతో నిర్ణయించే బలం భూమి ఉన్నవారి చేతిలో ఉండేది. కరువు వస్తే కళ్ళమే ఉండేది కాదు, అప్పుడు చేతిపని కుటుంబాలు రైతుకంటే ముందు పస్తులుండేవి. నష్టభారం పంచుకున్న మాట నిజమే కాని, సమానంగా పంచుకోలేదు.

ఎడ్ల విషయంలో ఈ పంపకం కూడా లేదు. ఎద్దు చచ్చిపోతే నష్టం పూర్తిగా ఆ ఇంటిదే. ఆ ఏడాది దుక్కి ఆగిపోయేది, లేదా అప్పు చేసి మరో ఎద్దును తేవలసివచ్చేది.

7.3 బందరు సంస్థలు: మనిషికి బీమా, నాగలికి లేదు

బీమా వ్యాపారానికి మన జిల్లా కొత్తది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. స్వదేశీ భావంతో పుట్టిన ఈ సంస్థలు తెలుగువారి పొదుపు తెలుగు ప్రాంతంలోనే పెట్టుబడిగా మారాలని ఆశించాయి. 1956లో జీవిత బీమా జాతీయమైనప్పుడు దేశంలోని 245 సంస్థల జీవిత బీమా వ్యాపారం ఎల్‌ఐసీలో కలిసింది.

బందరులో బీమా కంపెనీ ఉన్న రోజుల్లోనే మెట్ట రైతు నాగలికి, మోటకు బీమా ఎందుకు లేదు? ఒక కారణం ఇప్పుడే చూశాం. పనిముట్లు చవకైనవి, వాటి మరమ్మతు మేరలోనే జరిగిపోయేది. రెండో కారణం అప్పు స్వభావం. ఆనాడు దీర్ఘకాలిక అప్పు ఇచ్చే భూతనఖా బ్యాంకులు, 1929లో ఏర్పడిన మద్రాసు కేంద్ర భూతనఖా బ్యాంకుతో సహా, భూమిని హామీగా పెట్టుకునేవి. భూమి కాలిపోదు, దొంగల పాలు కాదు, తుప్పు పట్టదు. హామీ చెక్కుచెదరనప్పుడు అప్పిచ్చినవాడికి బీమా అక్కర్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి. గ్రామంలో యంత్రబీమా ఎప్పుడు, ఎందుకు మొదలైందో దీనితోనే అర్థమవుతుంది.

వ్యవసాయ బీమా గురించి ఆలోచించినవారు ఆనాడే ఉన్నారు. మైసూరుకు చెందిన జె.ఎస్. చక్రవర్తి 1920లోనే వర్షపాతం ఆధారంగా రైతుకు బీమా ఇవ్వవచ్చని ఒక పుస్తకంలో ప్రతిపాదించారు. అది పంటకు సంబంధించిన ఆలోచన. పనిముట్టు ఇంకా ఎవరి లెక్కలోకీ రాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) మేర చెల్లింపును బీమాతో ఏ విషయంలో పోల్చవచ్చు?
ఆ) భూమి హామీగా ఉన్న అప్పులకు యంత్రబీమా అవసరం ఎందుకు రాలేదు?

7.4 ట్రాక్టరు, బ్యాంకు, బీమా: మొదటి పొర

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీరు కృష్ణా మెట్టలోకి కూడా చేరింది. వానపై ఆధారపడిన చేలలో కొంత భాగం తడిభూమి అయింది. నేల చదును చేయాలి, అదను దాటకముందే దున్నాలి. ఎడ్ల జతతో జరిగే పని కాదు.

సరిగ్గా ఆ కాలంలోనే ట్రాక్టర్లు దేశంలో తయారవుతున్నాయి. 1959లో ఐషర్ తొలి దేశీయ ట్రాక్టరును ఫరీదాబాదులో విడుదల చేసింది. 1960ల్లో ట్యాఫే, మహీంద్రా వచ్చాయి. 1971లో హెచ్‌ఎంటీ, 1974లో స్వరాజ్ వచ్చాయి. 1969 జూలై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1982 జూలై 12న నాబార్డు ఏర్పడింది. బ్యాంకు శాఖలు మండల గ్రామాల దాకా వచ్చాయి.

ఇక్కడ అప్పు స్వభావం మారింది. భూమితోపాటు యంత్రం కూడా హామీ అయింది. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఎక్కింది. యంత్రం బోల్తా పడవచ్చు, కాలిపోవచ్చు, మాయం కావచ్చు. కాబట్టి బ్యాంకు బీమా అడిగింది. ఇచ్చేవారు కూడా అప్పటికే సిద్ధంగా ఉన్నారు. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమై, 107 సంస్థలు నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు కంపెనీలుగా మారాయి.

పశువుల బీమా కూడా ఇలాగే పెరిగింది. 1970ల్లో చిన్న రైతుల అభివృద్ధి సంస్థల ద్వారా, 1980 అక్టోబరు 2 నుంచి దేశమంతటికీ విస్తరించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం ద్వారా అప్పు మీద గేదెలు, ఎడ్లు ఇచ్చినప్పుడు చెవికి బిళ్ల వేసి బీమా చేశారు. చెవి బిళ్లను రైతులు అప్పుకు గుర్తుగా చూశారే తప్ప రక్షణకు గుర్తుగా చూడలేదు.

ఈ చరిత్రకు ఒక ఫలితం ఉంది. బీమా గ్రామంలోకి రైతు కోరి తెచ్చుకున్నదిగా రాలేదు, అప్పుకు తోకగా వచ్చింది. ప్రీమియం అప్పు ఖాతాలో పడేది, పాలసీ కాగితం బ్యాంకు ఫైలులో ఉండేది. చివరి వాయిదా కట్టి, ఎన్‌ఓసీ తీసుకుని, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించిన రోజున బీమా పని కూడా అయిపోయిందని రైతు అనుకోవడం సహజం. బ్యాంకు కోణంలో అది నిజమే. ఈ మొదటి పొర అప్పుతోనే పుట్టింది, అప్పుతోనే పోతుంది.

7.5 దారిన పోయేవాడి హక్కు: రెండో పొర

బీమాకు రెండో మూలం రోడ్డు. మోటారు వాహనం వల్ల గాయపడినవారికి యజమాని దగ్గర డబ్బు లేకపోతే పరిహారం ఎలా అన్న ప్రశ్న మొదట పారిశ్రామిక దేశాల్లో వచ్చింది. బ్రిటన్ 1930లో మూడో పక్షానికి బీమాను తప్పనిసరి చేసింది. మనదేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలో ఈ నిబంధన చేరింది, అమలు మాత్రం 1946 జూలై 1 నుంచి. 1956 సవరణ ప్రమాద పరిహార ట్రిబ్యునళ్ళకు దారి వేసింది. ప్రస్తుతం అమల్లో ఉన్న 1988 చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం మూడో పక్ష బీమా లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపకూడదు. 2019 సవరణ తరువాత ఈ తప్పుకు మొదటిసారి రూ. 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, మళ్ళీ చేస్తే జరిమానా రూ. 4,000.

బీమా ఒప్పందంలో మొదటి పక్షం యజమాని, రెండో పక్షం కంపెనీ. ప్రమాదంలో దెబ్బ తగిలిన బయటి మనిషి మూడో పక్షం. ఈ పొర ఉన్నది అతడి కోసం. 1987లో స్కాండియా ఇన్సూరెన్స్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, చట్టం ఈ బీమాను తప్పనిసరి చేసింది బాధితుల రక్షణకే అన్న దృష్టితోనే తీర్పు చెప్పింది.

"మా బండి చేలోనే తిరుగుతుంది" అని చాలామంది అంటారు. కాని రెడ్డిగూడెంలోనైనా నందిగామలోనైనా ఇంటి నుంచి చేనుకు వెళ్ళే దారిలో ఊరి రోడ్డు తగలకుండా ఉండదు. మిర్చి యార్డుకో, మామిడికాయ మార్కెట్టుకో వెళితే జాతీయ రహదారి కూడా తగులుతుంది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఇది ఊహించిన ఉదాహరణ. పాత ట్రాక్టరు తగిలి 29 ఏళ్ళ కూలీ మరణించాడనుకుందాం. నెల సంపాదన రూ. 12,000, ఆధారపడినవారు నలుగురు. 2009, 2017 సుప్రీంకోర్టు తీర్పుల్లోని పద్ధతి ప్రకారం లెక్క ఇలా సాగుతుంది:

• భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే నెలకు రూ. 16,800, ఏడాదికి రూ. 2,01,600.
• సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే రూ. 1,51,200.
• 26–30 ఏళ్ళ వయసుకు గుణకం 17. మొత్తం రూ. 25,70,400.

దీనికి అంత్యక్రియలు మొదలైన పద్దులు అదనం. ట్రాక్టరు కొత్తదా, ఇరవై ఏళ్ళదా అన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా రాదు. బండి అమ్మితే రెండు లక్షలు కూడా రాకపోవచ్చు, బాధ్యత మాత్రం పాతిక లక్షలు దాటింది. బీమా లేకపోతే ఆ మొత్తం యజమాని ఆస్తి మీద, అంటే భూమి మీద పడుతుంది. బాధితుడి కుటుంబం కూలి కుటుంబమైతే, రైతు భూమి అమ్మేదాకా వారికీ చేతికి రాదు. రెండు ఇళ్ళూ నష్టపోతాయి.

ఈ పొర ప్రీమియం కూడా యంత్రం వయసును బట్టి మారదు. 2022 జూన్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం దీని ధరను ఐఆర్‌డీఏఐతో సంప్రదించి కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

ఒక హెచ్చరిక అవసరం. మూడో పక్ష బీమా ఉందని అన్ని వాడకాలకూ రక్షణ ఉన్నట్టు కాదు. సరుకు రవాణా వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికుల విషయంలో కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. 2007లో మరో కేసు వచ్చింది. వ్యవసాయానికి బీమా చేసిన ట్రాక్టరుకు తగిలించిన ట్రక్కును ఇటుక బట్టీ మట్టి తోలడానికి వాడారు, కూలీ గాయపడ్డాడు. కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. బాధితుడికి ముందు పరిహారం ఇచ్చి, తరువాత యజమాని నుంచి రాబట్టుకొమ్మని కంపెనీని ఆదేశించింది. మిర్చి కోతలకు, పత్తి తీతలకు కూలీలను ట్రక్కులో ఎక్కించుకుని వెళ్ళే మన ఊళ్ళలో ఈ తీర్పులు అందరికీ తెలియాలి. ట్రక్కు వివరాలు పాలసీలో విడిగా రాయించుకోవాలి. కూలీలను ఆటోలో పంపడం ఖర్చుగా కనిపించినా, అదే క్షేమం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) బ్యాంకు కోసం పుట్టిన బీమాకు, మూడో పక్ష బీమాకు తేడా రాయండి.
ఆ) పై ఉదాహరణలో కూలీ వయసు అదే, ఆధారపడినవారు నలుగురే, నెల సంపాదన రూ. 10,000 అయితే పరిహారం ఎంత? (జవాబు: రూ. 21,42,000)

7.6 సొంత నష్టం: యంత్రంతోపాటు ముసలయ్యే పొర

మూడో పొర యజమాని కోసం. దీనిని సొంత నష్టం బీమా అంటారు. మూడో పక్షంతో కలిపి తీసుకుంటే ప్యాకేజీ పాలసీ అవుతుంది. నిప్పు, దొంగతనం, ప్రమాదం, వరద, తుపాను వల్ల యంత్రానికి కలిగే నష్టం ఇందులోకి వస్తుంది. యంత్రం వయసు ప్రభావం అసలు కనిపించేది ఇక్కడే. అది మూడు రకాలుగా పనిచేస్తుంది.

మొదటిది బీమా విలువ. 2002 నాటి భారత మోటారు టారిఫ్‌లోని పట్టిక ప్రకారం వాహనం విలువలో తరుగుదల ఇలా ఉంటుంది: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం. ఐదేళ్ళు దాటితే పట్టిక లేదు, కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ రాసుకోవాలి. ఆరు లక్షల ట్రాక్టరు ఐదో ఏట మూడు లక్షల విలువకు దిగుతుంది. మరమ్మతు ఖర్చు ఈ విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా లెక్కిస్తారు.

రెండోది విడిభాగాల తరుగుదల. చిన్న ప్రమాదంలో కొత్త భాగం వేయించినా కంపెనీ పూర్తి ధర ఇవ్వదు. లోహ భాగాలకు వాహనం వయసు 5 నుంచి 10 ఏళ్ళయితే 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం కోత. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, బ్యాటరీకి వయసుతో పని లేకుండా 50 శాతం. లైట్లు, టైర్లు, మడ్‌గార్డుల వంటివి వాణిజ్య తరగతి వాహనాలకు అదనపు ప్రీమియం కట్టకపోతే చిన్న ప్రమాదాల లెక్కలోకే రావు.

మూడోది మినహాయింపులు. అరుగుదల, యాంత్రిక లోపం ఈ పాలసీలోకి రావు. పాత ట్రాక్టరుకు వచ్చే జబ్బులేమిటో మీకు తెలుసు. క్లచ్ ప్లేట్లు పోవడం, లిఫ్టు లేవకపోవడం, గేరుబాక్సు శబ్దం, ఇంజను బోరింగుకు రావడం. వీటిలో ఏదీ బీమాకు పట్టదు. అంటే వయసుతో పెరిగే ఖర్చులకు బీమా లేదు, వయసుతో సంబంధం లేని ఆకస్మిక నష్టాలకే ఉంది.

ఇప్పుడు మరో ఊహించిన లెక్క. 12 ఏళ్ళ ట్రాక్టరు, ఒప్పుకున్న విలువ రూ. 2,00,000, సొంత నష్టం ప్రీమియం ఏడాదికి రూ. 3,000 అనుకుందాం. ప్రమాదంలో లోహ భాగాలకు రూ. 40,000, కూలికి రూ. 8,000 అయింది. భాగాలకు సగం, అంటే రూ. 20,000, కూలితో కలిపి రూ. 28,000 వస్తుంది. తప్పనిసరి మినహాయింపు రూ. 2,000 అనుకుంటే చేతికి రూ. 26,000. రైతు జేబు నుంచి రూ. 22,000. ఇటువంటి ప్రమాదం దాదాపు తొమ్మిదేళ్ళకు ఒకటైనా జరిగితేనే కట్టిన ప్రీమియం తిరిగి వచ్చినట్టు. పైగా క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే ఈ తగ్గింపు సొంత నష్టం ప్రీమియానికే వర్తిస్తుంది. గడువు దాటి 90 రోజులు గడిచినా పోతుంది.

ఈ లెక్క చూసి సొంత నష్టం బీమా దండగ అని తేల్చేయకండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు, మున్నేరు పొంగి విజయవాడ నుంచి నందిగామ, జగ్గయ్యపేటల దాకా నీట మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మునిగిన వాహనానికి ప్యాకేజీ పాలసీ ఉంటేనే క్లెయిముకు అర్హత. మూడో పక్షం మాత్రమే ఉంటే లేదు. కాబట్టి మీ ట్రాక్టరు ఎక్కడ నిలుస్తుంది అన్నది దాని వయసంత ముఖ్యం. వాగు ఒడ్డున చావిడిలో ఉన్న బండి లెక్క వేరు, ఊరి నడుమ మెరక మీద ఉన్న బండి లెక్క వేరు. మునిగిన ఇంజనును సర్వేయరు చూడకముందే స్టార్టు చేస్తే, అందువల్ల పాడైన భాగాలకు కంపెనీ సాధారణంగా పరిహారం ఇవ్వదన్నది కూడా గుర్తుంచుకోండి.

7.7 మోటార్లు, చిన్న పనిముట్లు

వ్యవసాయ పంపుసెట్లకు ప్రభుత్వ రంగ కంపెనీల పాలసీ వేరేగా ఉంది. 25 హెచ్‌పీ వరకు కరెంటు, డీజిల్ పంపుసెట్లకు నిప్పు, పిడుగు, దొంగతనంతోపాటు యాంత్రిక, విద్యుత్ లోపాలు కూడా ఇందులోకి వస్తాయి. లో-ఓల్టేజీకి వైండింగు కాలిపోవడం మన ప్రాంతంలో మామూలు కాబట్టి ట్రాక్టరు పాలసీకంటే ఇది ఈ విషయంలో మెరుగు. వరద నష్టం అందులో ఉందో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి. దొంగతనానికి తలుపో, తాళమో పగలగొట్టిన ఆనవాలు అడుగుతారు. బయట చేలో ఉన్న స్టార్టర్ డబ్బా నుంచి రాగి తీగ పోతే దాన్ని చూపడం కష్టం.

గొర్రు, రోటావేటరు, మందు కొట్టే ట్యాంకు వంటివి ట్రాక్టరు పాలసీలో తమంతట తాము చేరవు. రెండుమూడేళ్ళ వాడకం తరువాత గొర్రుకు బీమా అక్కర్లేదు. వెల్డింగు షెడ్డులో ఖర్చు ఇంటి పొదుపులోంచి భరించగలిగేదే.

7.8 ఇతర దేశాల రైతుల అనుభవం

బీమా అప్పుకు తోకగా రాని చోట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లండులో 1910లో వార్విక్‌షైర్‌కు చెందిన ఏడుగురు రైతులు స్ట్రాట్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన పరస్పర సంఘమే నేటి ఎన్‌ఎఫ్‌యూ మ్యూచువల్. అమెరికాలో 1922లో రైతు నేపథ్యం ఉన్న జార్జి మెకెర్లీ ఇల్లినాయిస్ రాష్ట్రంలో స్టేట్ ఫార్మ్ సంస్థను స్థాపించారు. పల్లెలో ప్రమాదాలు తక్కువ, కాబట్టి రైతు నగరవాసితో సమానంగా ప్రీమియం కట్టకూడదన్నది ఆయన వాదన. అక్కడ రైతు తన నష్టభారాన్ని తానే లెక్కగట్టుకుని, ఏ పొర కావాలో తానే అడిగాడు.

మన జిల్లాలో సహకార సంఘాలు బలంగానే ఉన్నా, అవి అప్పు, ఎరువు, గిడ్డంగి దగ్గర ఆగిపోయాయి. ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2000లో ఇఫ్కో-టోక్యో ద్వారా బీమాలోకి వచ్చినా, అది ఊరి సంఘం తన యంత్రాలకు తాను నడుపుకునే ఏర్పాటు కాదు. మేర పోయాక నష్టాన్ని ఊళ్ళోనే పంచుకునే మరో ఏర్పాటు రాలేదు.

7.9 నిర్ణయానికి ఒక క్రమం

పై చరిత్ర నుంచి పాత యంత్రం యజమాని వేసుకోవలసిన ప్రశ్నలు ఇలా వస్తాయి.

1. యంత్రం మీద అప్పు ఉందా? ఉంటే ఒప్పందం ప్రకారం బీమా కొనసాగించాలి. లేకపోతే ఈ పొర లేదు.

2. యంత్రం రోడ్డు ఎక్కుతుందా? ఎక్కితే మూడో పక్ష బీమా మానడానికి లేదు. వయసు ఇందులో లెక్క కాదు. జీతం మీద డ్రైవరు ఉంటే అతడి పట్ల యజమాని బాధ్యత 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంతో మొదలైంది. అది పాలసీలో ఉన్నట్టు చూసుకోవాలి.

3. ట్రాక్టరు నడిపేది యజమానేనా? బోల్తా పడిన ట్రాక్టరు కింద ముందు నలిగేది నడిపేవాడే. యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా మొత్తం 2018లో రూ. 15 లక్షలకు పెరిగింది. దీనికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. 1925లో బందరు కంపెనీ మనిషికి ఇచ్చిన విలువకు ఇది వారసత్వం అనుకోవచ్చు. బండి పాతబడుతుంది, ఇంటి పెద్ద విలువ తగ్గదు.

4. యంత్రం మొత్తం పోతే ఇల్లు తట్టుకోగలదా? బాడుగ సేద్యం మీదే బతికే కుటుంబానికి 12 ఏళ్ళ ట్రాక్టరు కూడా జీవనాధారం. వారికి సొంత నష్టం బీమా ఇంకా అవసరమే. సొంత పొలానికి మాత్రమే వాడుతూ, కావాలంటే బాడుగకు మరో బండి దొరికే రైతు దాన్ని మానవచ్చు.

5. సొంత నష్టం మానితే ఆ డబ్బు ఏమవుతుంది? ఏడాదికి రూ. 3,000 విడిగా దాస్తే ఐదేళ్ళకు రూ. 15,000 మరమ్మతు నిధి అవుతుంది. బీమా ఇవ్వని క్లచ్, లిఫ్టు ఖర్చుకు అదే ఆసరా. దాచకుండా మానితే రక్షణా లేదు, నిధీ లేదు.

ఒకసారి గడువు దాటిన ప్యాకేజీ పాలసీని మళ్ళీ తీసుకోవాలంటే కంపెనీ వాహనాన్ని తనిఖీ చేస్తుంది. మానే నిర్ణయం తొందరలో తీసుకోవద్దనడానికి ఇదీ ఒక కారణం.

7.10 సారాంశం

ఆయగాళ్ళ వ్యవస్థలో పనిముట్ల మరమ్మతు భారం మేర రూపంలో, అసమానంగానైనా, ఊరి మీద పంచబడింది. భూమి హామీగా ఉన్నంతకాలం యంత్రబీమా అవసరం రాలేదు. 1967 తరువాత మెట్టలోకి నీరు, బ్యాంకు అప్పుల మీద ట్రాక్టర్లు వచ్చాక బీమా అప్పుకు తోకగా వచ్చింది. అంతకుముందే, 1946 నుంచి, రోడ్డు చట్టం బాధితుడి కోసం మరో బీమాను తప్పనిసరి చేసింది. అప్పు పొర వాయిదాలతో తీరుతుంది. సొంత నష్టం పొర యంత్రంతోపాటు బలహీనపడుతుంది, దాన్ని లెక్కవేసి ఉంచవచ్చు, మానవచ్చు. మూడో పక్షం, నడిపేవాడి ప్రాణం అనే పొరలకు ముసలితనం లేదు. "పాత బండికి బీమా ఎందుకు?" అని ఎవరైనా అడిగితే, "ఏ బీమా?" అని తిరిగి అడగడం ఈ పాఠం నేర్పే మొదటి అలవాటు.

7.11 కీలక పదాలు

మేర: కళ్ళంలో చేతిపనివారికి రైతు ఏటా కొలిచి ఇచ్చే ధాన్యపు వాటా.
మూడో పక్షం: బీమా ఒప్పందంలో లేని, ప్రమాదంలో నష్టపోయిన బయటి వ్యక్తి.
తరుగుదల: వాడకం, వయసు వల్ల విలువలో వచ్చే తగ్గుదల.
ప్యాకేజీ పాలసీ: మూడో పక్షం, సొంత నష్టం రెండూ కలిసిన పాలసీ.

7.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. కృష్ణా మెట్ట ప్రాంతంలో వ్యవసాయ యంత్రబీమా ఏయే దారుల్లో వచ్చిందో చర్చించండి.
2. పాతబడిన ట్రాక్టరుకు సొంత నష్టం బీమా లాభదాయకమా? ఉదాహరణ లెక్కతో వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. మేర వ్యవస్థలోని మంచిచెడులు.
2. వ్యవసాయ ట్రాక్టరు ట్రక్కులో కూలీల ప్రయాణం – బీమా సమస్యలు.

III. మీరే చేయండి: మీ ఊళ్ళో పదేళ్ళు దాటిన ఒక ట్రాక్టరు యజమానిని కలిసి, పాలసీ కాగితం చూపమని అడగండి. అందులో ఏ పొరలు ఉన్నాయో, ఏవి లేవో, గడువు ఎప్పటిదాకా ఉందో ఒక పుటలో రాయండి. గడువు దాటి ఉంటే, ముందు ఆ సంగతి ఆయనకు చెప్పండి.